పాశం పారిన బండ

ఐదు గంటల నలభై నిమిషాలకు మా వీధిలో నల్లా వచ్చింది. ఒక బిందె పట్టి కట్టేశాను. ఆయన ఉన్నప్పుడు రెండు పట్టేదాన్ని. గద్వాలలో నల్లా ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు కనుక, ఒక్క బిందెతో సరిపెట్టుకునే మనిషిని చూస్తే అనుమానం రావడం సహజం. పక్కింటావిడ గోడ మీదుగా చూసి ప్రయాణమా అని అడిగింది. కాదన్నాను. సంచి అప్పటికే సర్ది తలుపు వెనక పెట్టి ఉంది.

అబద్ధం చెప్పడానికి కారణం ఉంది. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా గుట్ట ఎక్కకూడదని మా వైపు పట్టింపు. మా ఆయన చలికాలంలో పోయారు. నేను వానాకాలంలో గుట్టకు బయల్దేరాను.

ఎందుకో ముందే చెబుతాను. మాది మగ్గాల ఇల్లు. ఆయన తల్లిదండ్రులు వనపర్తి అవతల గుట్టల్లోని ఒక ఊరు వదిలి, కూలి పని కోసం గద్వాలకు వచ్చినవాళ్ళు. పెళ్ళి మాట అడగడానికి ఆయన వచ్చిన రోజు మా నాన్న మగ్గం గుంటలోంచి లేవలేదు. మీరు వేరు, మేము వేరు అన్నారు. ఆయన ఎదురు వాదించలేదు. ఒక్క సంగతి చెప్పారు.

"మా ఊర్ల వానలు రాకుంటె గుట్ట మీద బండ కడిగి వరద పాశం పోస్తరు. ఊరంత ఒక్క బండ మీదనే నాకుతది."

"అయితే పెండ్లికి ఇస్తరాకులు కొనే పని లేదు" అన్నారు నాన్న. అదే ఆయన ఒప్పుకోవడం.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. వరద పాశం అంటే బియ్యం, బెల్లం కలిపి పలచగా వండిన పాయసం. వాన కోసం మొక్కి దాన్ని రాతి మీద పోస్తారు. జనం మోకాళ్ళ మీద వంగి, చేతులు పెట్టకుండా నాలుకతో తింటారు. పశువుల్లాగా తింటే పైవాడికి జాలి పుడుతుందని నమ్మకం. వాన ఆలస్యమైన ప్రతి ఏడూ మా ఆయన ఆ బండను తలుచుకునేవారు. "పాశం మా దగ్గరికి పారుకుంట వచ్చేది" అనేవారు. ఒకసారి వెళ్ళి చూద్దామంటే మాత్రం, "ఆడ ఎవరున్నరు?" అని మాట తప్పించేవారు.

నేను పుస్తకాల మధ్య ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందంగా ఉన్న మాట కనబడితే దాని కింద ఏదో కప్పి పెట్టారని నాకు అనిపిస్తుంది. "ఊరంతా" అన్న మాట నేను పూర్తిగా నమ్మలేదు. "పారుకుంట వచ్చేది" అన్న మాటను అసలే నమ్మలేదు. పాయసం ఎక్కడికీ నడిచి రాదు. మా పెళ్ళి నిలబడింది ఆ బండ మీద. అది నిజమో కాదో తెలుసుకోవాలి. ఆయన్ని అడగడానికి లేదు కనుక వెళ్ళి చూడాలి.

వనపర్తి

బస్సులో పక్క సీటావిడ ఉడకబెట్టిన పల్లికాయ ఇచ్చింది. వద్దన్నాను. బస్సుల్లో మత్తు పెట్టి దోచుకుంటారని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆమె అవే కాయలు వనపర్తి దాకా తిని, తొక్కలు కిటికీలోంచి పడేసి, దిగేటప్పుడు, "బగ్గ తీపున్నయి, తినకపోతివి" అని వెళ్ళిపోయింది. ఆ ఉప్పు వాసన నా సంచికి అంటుకుంది. సాయంత్రం దాకా పోలేదు.

వనపర్తిలో ఒక రాత్రి ఆగాను. లాడ్జిలో కౌంటరు దగ్గరున్నాయన నా ఆధార్ కార్డును రెండు వైపులా చూశాడు. భర్త పేరు ఉందిగా, ఆయన రాలేదా అన్నాడు. లేరన్నాను. ఊళ్ళో లేరా అన్నాడు. లేరన్నాను. అప్పుడు నా నుదురు చూసి, గది కింది అంతస్తులో ఇచ్చాడు. పై గదులు ఖాళీగా ఉన్నాయని బోర్డు మీద తాళాలు చెబుతూనే ఉన్నాయి. కింది గదే ఎందుకిచ్చాడా అని చాలాసేపు ఆలోచించాను. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నాను. జవాబు మర్నాడు గుట్ట మీద దొరికింది.

పొద్దున హోటల్లో ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై. మా గద్వాలలో ఆ వేళకు ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఉంటాయి. ఇక్కడ చట్నీలో పల్లీలు తక్కువ, పుట్నాలు ఎక్కువ. చుట్టూ పల్లిచేలే ఉన్న చోట ఇలా ఎందుకు జరుగుతుందో నాకు అర్థం కాలేదు. అడిగితే హోటలాయన నవ్వాడు కానీ చెప్పలేదు.

గోపాల్‌పేట

గోపాల్‌పేటలో దిగేసరికి ముసురు పట్టింది. ఆటోవాళ్ళు చుట్టూ తిప్పి తీసుకెళతామన్నారు. మా అత్తమామలు ఊరు వదిలినప్పుడు గుట్ట దాటి నడుచుకుంటూ ఇటు దిగారని ఆయన చెప్పిన గుర్తు. నేను ఆ దారినే ఎదురు వెళ్ళాలనుకున్నాను.

దారి అడిగినది చాయ్ కొట్టు వెంకటమ్మను. నా వయసే ఉంటుంది. చాయ్ పోస్తూ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఒక్కదానివే? ఈ వానల? గుట్టెనక ఎవరున్నరు నీకు?"

ఎవరూ లేరన్నాను.

"కొడుకు, కోడలు ఏమన్న అన్నరా అక్కా?"

కొడుకు లేడన్నాను. బిడ్డ బెంగళూరులో ఉందని, నన్ను ఎవరూ ఏమీ అనలేదని చెప్పాను. అలా అన్నీ బాగున్నాయని చెప్పేకొద్దీ ఆమె మొహం ముడుచుకుంది. నా గొడుగు చూసి, గుట్ట మీద గాలికి ఇది నిలవదని చెప్పి, ఖాళీ యూరియా బస్తాను మూల లోపలికి నొక్కి, తలా వీపూ కప్పే కొప్పెరలా మడిచి నా తల మీద వేసింది. చాయ్‌కి పది తీసుకుంది. బస్తాకు ఏమీ తీసుకోలేదు. ఊరికే ఇచ్చే మనుషుల్ని చూస్తే నాకు ఇంకాస్త భయం.

ఆ భయం వృథా కాలేదు. కొట్టు దాటి పది అడుగులు వేశానో లేదో, వెనక ఆమె ఫోన్లో మాట్లాడటం వినబడింది.

"ఒక్కతే వస్తుంది. సంచి ఉంది. జర కనిపెట్టి ఉండు."

తిరిగి బస్టాండుకు వెళ్ళిపోదామనుకున్నాను. నా దగ్గర ఉన్నది ఒక ఫోను, చెవులకు చిన్న కమ్మలు. వాటి కోసం ఎవరైనా గుట్ట ఎక్కుతారా? ఎక్కుతారేమో. కమ్మలు తీసి చీర కొంగుకు ముడి వేసుకున్నాను. తర్వాత నడిచాను. వెనక్కి వెళితే మళ్ళీ రానని నాకు తెలుసు.

గుట్ట

బండిబాట కొంతదూరం పత్తిచేల గట్ల వెంబడి సాగి సన్నబడింది. ఆ తర్వాత సీతాఫలం చెట్లు. కాయలు ఇంకా పిందెలు. గుండ్రాళ్ళ మధ్య నుంచి దారి పైకి పోతుంది. రెండు గుండ్ల నడుమ సన్నని ధార పారుతుంటే దాని మీదే నడవాలి. నా ఎడమ చెప్పు పట్టీ అక్కడే తెగింది. కాసేపు కాలు ఈడ్చుకుంటూ నడిచి, రెండు చెప్పులూ తీసి సంచిలో పెట్టుకున్నాను.

వట్టి కాళ్ళతో నడవడం తేలికైంది. తడిసిన రాయి జారుతుందనుకున్నాను. జారలేదు. గరుకుగా ఉంది. చినుకులు బస్తా మీద పడుతున్న చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. ఎక్కడో నెమలి అరిచి ఆగిపోయింది. వెనక్కి తిరిగితే గోపాల్‌పేట మబ్బు కింద ఉంది, నేను ఆ మొగుల్లోనే ఉన్నాను. ఊపిరి పెద్దగా వస్తోంది కానీ ఆగి కూర్చోవాలనిపించలేదు. ఇంకొంచెం ఎక్కాలని ఉంది. వానను చూస్తే తల దాచుకునే మనిషిని, బస్తా వెనక్కి నెట్టి మొహం పైకెత్తాను.

అప్పుడు తెలిసింది, నాకు సంతోషంగా ఉందని.

నేను ఆ సంతోషాన్ని నమ్మలేదు. చలికాలం నుంచి ఇంట్లో ఏ పని చేసినా దాని పక్కన ఆయన లేకపోవడం కూర్చుని ఉండేది. ఇక్కడ కొంతసేపు అది కనబడలేదు. ఇది మర్చిపోవడమా? ఏడాది కాకుండా గుట్ట ఎక్కకూడదని పెద్దవాళ్ళు అన్నది ఇందుకేనా, ఎక్కితే ఇలా బాగుంటుందనా? నడక మాత్రం ఆపలేదు.

వెనక రాయి దొర్లిన చప్పుడు వినబడింది. నల్ల గొంగడి కప్పుకున్న మనిషి ఒకడు కిందుగా, చెట్ల చాటున వస్తున్నాడు. ముందు నాలుగైదు మేకలున్నాయి. నేను ఆగితే ఆగాడు. నడిస్తే నడిచాడు. మేకలు ఆకులు మేయడానికి ఆగితే వాటిని అదిలించి మరీ నా వెంట తోలుతున్నాడు. వెంకటమ్మ ఫోను గుర్తొచ్చింది. మేకలు కాసేవాడు మేతను వదిలి మనిషి వెంట ఎందుకు వస్తాడు? చేతికి సరిపడే రాయి ఒకటి ఏరుకుని నడక పెంచాను. భయపడుతూ కూడా నడక బాగుంది. అది కూడా నాకు వింతగానే తోచింది.

బండ

శిఖరం దాటి అటువైపు కొంచెం దిగగానే పరుపు బండ కనబడింది. పక్కన మసి పట్టిన మూడు రాళ్ళ పొయ్యిలు. మసి పాతది, వానకు కూడా పోనిది. కింద దూరంగా ఊరి కప్పులు. ఆయన చెప్పిన గుర్తులు సరిపోయాయి. బండ ఉంది. అంతవరకు నిజం.

అయితే ఆయన చెప్పని సంగతి ఒకటి కనబడింది. బండ ఒక్కటే కానీ మట్టం ఒక్కటి కాదు. పైన గుడి అరుగంత వెడల్పున చదునైన పరుపు. దాని అంచు నుంచి మోకాలెత్తు దిగువన ఇంకో పరుపు. పై దాని నుంచి కింది దానికి, అరచేయి పట్టేంత గాడి. ఉలితో కొట్టిందో, నీళ్ళు కోసిందో చెప్పలేను.

నేను ఊరివైపు చూస్తూ కింది పరుపు మీద నిలబడి ఉన్నాను. వాన ఒక్కసారి పెద్దదైంది. పై పరుపు మీద నీళ్ళు నిలిచాయి, కదిలాయి, గాడిలోకి చేరాయి, అక్కడి నుంచి దిగి నా కాళ్ళ దగ్గరికి వచ్చాయి. చల్లగా వేళ్ళకు తగిలాయి.

పారుకుంట వచ్చాయి.

పై పరుపు మీద కూర్చున్నవాళ్ళు ఆ మాట అనరు. పాశం వాళ్ళ దగ్గరికి పారుకుంటూ రాదు. వాళ్ళ ముందే పోస్తారు. ముప్పై ఏళ్ళు నేను అలంకారం అనుకున్నది, ఆయన ఎక్కడ కూర్చుని తిన్నారో చెప్పే మాట. ఊరంతా ఒక్క బండ మీదే తిన్నది. అదీ నిజమే.

వెనక గొంగడి మనిషి కనబడలేదు; ఎవరూ చూడటం లేదనుకుని, చేతిలోని రాయి పక్కన పెట్టి మోకాళ్ళ మీద వంగాను. చేతులు వెనక్కి పెట్టుకుని ఆ గాడి చివర నాలుక ఆనించాను. రాయి రుచి, పాచి రుచి. అంతే.

"ఏం దొరికిందమ్మా?"

గొంగడి మనిషి పై పరుపు మీద నిలబడి ఉన్నాడు. నేను లేచి, చేతిలోకి రాయి తీసుకున్నాను. అతను ఆ రాయిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు తెలిసింది, అతనికీ నేనంటే భయంగానే ఉందని.

పేరు మల్లయ్య. వెంకటమ్మ తమ్ముడు. ఈ గుట్టల్లో నిధుల కోసం తవ్విపోయేవాళ్ళు వస్తూనే ఉంటారట. రాయి మీద గుర్తులు చూసుకుంటూ, ఒక్కోసారి వాసన కూడా చూస్తారట. నేను నాకడం కొత్త పద్ధతి అనుకున్నాడు.

"మా అక్కేమో నువ్వు సావనీకె వచ్చినవంటది. గుండం నీళ్ళల్ల దుంకుతవేమో చూడుమన్నది. నేనేమో బంగారం కోసం అంటి. ఇద్దరికి పందెం" అన్నాడు. తర్వాత కొంచెం తగ్గి, "సావనీకైతె కాదు గద?" అన్నాడు.

కాదన్నాను. వనపర్తి లాడ్జిలో కింది గది ఎందుకిచ్చారో అప్పుడు అర్థమైంది. ఒంటరి ఆడమనిషి, బొట్టు లేదు, పై అంతస్తు. రెండు రోజులుగా నేను వీళ్ళందరూ నన్ను ఏం చేస్తారో అని చూస్తున్నాను. వీళ్ళు నేను నన్నేం చేసుకుంటానో అని చూస్తున్నారు.

నర్సింహ భార్యనని, ఆయన చిన్నప్పుడు ఇక్కడ పాశం తిన్నారని చెప్పాను. మల్లయ్యకు ఆ పేరు తెలియదు. బండ ముచ్చట ఎల్లమ్మకే ఎరుక అని, మేకల్ని ఊరివైపు మళ్ళించాడు. ఈసారి నా ముందు నడిచాడు.

ఎల్లమ్మ ఇల్లు

ఊరి పేరు రాయను. రాయొద్దని ఎల్లమ్మ అడిగింది. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. ఇంట్లో గోడకు ఏసు పటం. చర్చిలో మరియమ్మ, వాడలో ఎల్లమ్మ. రెండు పేర్లకూ పలుకుతానంది. నేను అవ్వా అని పిలిచి, ఎవరి భార్యనో చెప్పాను. ఆమె రొట్టె కొడుతున్న చేయి ఆపింది.

"నర్సిగాడా? పాశం నర్సిగాడా?" అంది. "అవ్వా అనకు. మా ఆయనకు తమ్ముని వరుస వాడు. నాకు తోటికోడలివి. అక్కా అను."

ఆయన లేరని చెప్పాను. ఆమె చేతిలోని రొట్టెను పెనం మీద వేసింది. అది కాలిందాకా ఇద్దరం దాన్నే చూశాం. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. గద్వాలలో మేము పుంటికూరలో పప్పు కలుపుతాం. ఆమె పచ్చిమిర్చి, వెల్లుల్లి దంచి వేసింది. నాకు ఇదే నచ్చింది. రెండో రొట్టె అడిగి వేయించుకున్నాను. మల్లయ్య గడప బయటే కూర్చుని తిన్నాడు. గొంగడి తడిగా ఉందని చెప్పాడు. కారణం అదేనా అని నాకు అనుమానం వచ్చింది. అడగలేదు.

ఎల్లమ్మ చెప్పింది. తను కొత్త కోడలిగా వచ్చిన ఏడు వాన పడలేదు. పాశం వండారు. పైన భూములున్నవాళ్ళు, కింద కూలివాళ్ళు. పోసినప్పుడు మెతుకులు, కరగని బెల్లం ముక్కలు పైనే ఆగిపోతాయి. గాడిలో దిగి వచ్చేది నీళ్ళలాంటి తీపి. నర్సింహకు అప్పుడు ఏడెనిమిదేళ్ళు.

"వానికి బెల్లం మీద పానం. అందరు వంగి ఉన్నరు గద, ఎవరి తల ఎవరు చూస్తరు? గాడి పట్టుకొని మీదికి పాకిండు. పటేలు పక్కన మూతి పెట్టి నాకుతుండు. పటేలు కండ్లు తెరిస్తె ఈడు!"

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. చలికాలం తర్వాత అది మొదటిసారి అని తర్వాత గుర్తొచ్చింది.

ఆ తర్వాతది ఆమె నవ్వకుండా చెప్పింది. పాశం మైలపడిందన్నారు. నర్సింహ తండ్రి చేత పై పరుపంతా బూడిద వేసి రుద్దించి కడిగించారు. ఊరు చూస్తుండగా, ఒక్కడి చేతే. మళ్ళీ బియ్యం తెచ్చి, మళ్ళీ వండి పోశారు. కిందివాళ్ళు రెండోసారి వంగారు. వంగక తప్పలేదు. నర్సింహ తండ్రి వంగలేదు. ఆ నెలలోనే మూట కట్టుకుని, భార్యను, పిల్లవాణ్ణి తీసుకుని గుట్ట దాటాడు.

"మరి వాన?" అని అడిగాను.

"ఆ రాత్రే కొట్టింది. కుంట నిండింది. రెండో పాశానికి వచ్చిందని పైనోళ్ళన్నరు. నర్సిగాడు నాకినందుకే వచ్చిందని మా వాడోళ్ళన్నరు. ఏది నిజమో తెల్వదు."

అప్పటి నుంచి వాడలో ఒక మాట ఉండేదట. వాన ఆలస్యమైతే ముసలివాళ్ళు మొగులువైపు చూసి, "నర్సిగాన్ని మీదికి తోలుండ్రి" అనేవాళ్ళట. పేరు ఎవరిదో తెలియని పిల్లలు కూడా అనేవాళ్ళట. ఆయన గద్వాలలో నా పక్కన కూర్చుని వాన కోసం చూస్తున్న ఏళ్ళన్నీ, ఇక్కడ గుట్ట వెనక ఆయన్ని పైకి పంపుతూనే ఉన్నారు. ఆయనకు అది తెలియదు. తెలిసి ఉంటే ఒకసారైనా వచ్చేవారేమో. రాకపోయేవారేమో. తండ్రి రుద్దిన బండను చూడటం ఇష్టం లేకే "ఆడ ఎవరున్నరు?" అన్నారని నేను అనుకుంటున్నాను. అంతకు మించి తెలుసుకునే దారి లేదు.

ఆయన మా నాన్నతో అబద్ధం చెప్పలేదు. ఆ బండ గురించి చెప్పగలిగిన వాటిలో ఒక పిల్లను అడగడానికి పనికొచ్చేది మాత్రం ఏరి చెప్పారు. ఎవరైనా అంతే చేస్తారు.

వెళ్ళేముందు ఎల్లమ్మ నా తలకు నూనె రాసింది. తడిసిన తలతో పోవద్దంది. ఆయన పోయాక మా వైపు ఎవరూ నాకు తల దువ్వలేదు. నేనూ అడగలేదు.

నాగర్‌కర్నూల్

నాగర్‌కర్నూల్‌లో చెప్పులు కొన్నాను. బస్టాండులో వాన చూస్తూ కూర్చున్నాను. పక్కనావిడ ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగితే గుట్ట మీది నుంచి అని చెప్పాను. ఆమె నన్ను అనుమానంగా చూసి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. ఆమె స్థానంలో నేనున్నా అలాగే చేసేదాన్ని.

గద్వాలలో పక్కింటావిడకు కూడా నిజమే చెప్పాను. గుట్ట ఎక్కావా, ఏడాది కాకుండానే అంది. ఎక్కాను, బాగుంది అన్నాను. ఆమె ఇంట్లోకి వెళ్ళిపోయింది. వచ్చే ముసురుకు మళ్ళీ వెళతాను. ఈసారి పల్లికాయ ఎవరిచ్చినా తీసుకుంటాననే అనుకుంటున్నాను. ఖాయంగా చెప్పలేను.

ఎల్లమ్మను అడిగిన చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. పాశం ఇప్పటికీ పోస్తారా అని. ఆమె చెప్పింది ఇది. ఒక ఏడు వాడ పిల్లలు మేము కింద వంగేది లేదన్నారు. పైకి రమ్మని ఎవరూ అనలేదు. వాళ్ళు బండ దగ్గరికే వెళ్ళలేదు. పైవాళ్ళు ఆ ఏడూ, ఆ తర్వాతి ఏడూ తామే వండి తామే పోసుకున్నారు. పాశం గాడిలో దిగి కింది పరుపు మీద నిలిచి, ఎండి, చీమలు పట్టింది. మూడో ఏడు ఎవరూ పొయ్యి ముట్టించలేదు.

ఆ బండ మీద ఇప్పుడు పాశం పోయరు. నర్సిగాణ్ణి పైకి తోలమని అనడం కూడా మానేశారు.